ఘాట్ ఎక్కితే సూది పైకి పోతోంది: 2,38,000 కిలోమీటర్లు తిరిగిన కారుకు ఇంజిన్ బోరు చేయించాలా?

ప్రశ్న: నేను ప్రొద్దుటూరులో విత్తనాలు, ఎరువుల దుకాణం నడుపుతున్నాను. 2012 మార్చిలో కొన్న స్విఫ్ట్ డిజైర్ డీజిల్ కారు ఇప్పటికి 2,38,000 కిలోమీటర్లు తిరిగింది. మా నాన్నగారిని రెండు నెలలకోసారి వేలూరు ఆసుపత్రికి తీసుకుపోవడానికి ఈ కారే ఆధారం. ఏడాదిగా కడప దాటి గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ వేస్తే చాలు, ఉష్ణోగ్రత సూది పైకి పోతోంది. పైన పాలకోవా అంగళ్ల దగ్గర అరగంట ఆపి, చల్లారాక బయలుదేరుతున్నాము. కిందటి వేసవిలో ఒక మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తీసేశాడు. కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదలైంది. రేడియేటర్ డబ్బాలో నీళ్లు తగ్గితే ఇంటి బోరు నీళ్లు పోస్తున్నాను. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే నల్లపొగ వస్తోంది, పికప్ తగ్గింది, లీటరుకు ఇరవై ఇచ్చే మైలేజీ పదహారుకు పడిపోయింది. రెండు వేల కిలోమీటర్లకు అర లీటరు ఆయిల్ పోయాల్సి వస్తోంది. తెల్లవారి స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు గొలుసు కదిలినట్టు గలగలమంటుంది. ఒక షెడ్డులో ఇంజిన్ బోరుకు వచ్చిందని, అంటే అరిగిన సిలిండర్లను చెక్కించి సరిచేయాలని, 85 వేలు చెప్పారు. ఇంకొక షెడ్డులో హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ దాని పైన కూర్చునే హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయిందని 25 వేలు చెప్పారు. కారు అమ్మితే లక్షా అరవై వేలు ఇస్తామంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. లక్షణాలన్నీ వివరంగా రాశారు గానీ, ఆ రెండు షెడ్లలో ఏ ఒక్కరైనా ఏదైనా కొలిచి చూశారని ఎక్కడా రాయలేదు. కంప్రెషన్, అంటే సిలిండర్లలో గాలి నొక్కుకునే ఒత్తిడి, ఎంత ఉందో చూడకుండా బోరు అని 85 వేలు చెప్పినవారు గానీ, రేడియేటర్ నీళ్లలో పొగ కలుస్తోందో లేదో పరీక్షించకుండా గ్యాస్కెట్ అని 25 వేలు చెప్పినవారు గానీ మీకు అనుభవం మీద ఒక ఊహ చెప్పారే తప్ప నిర్ధారణ చెప్పలేదు. అందుకని నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇప్పుడే ఇంజిన్ విప్పించవద్దు, ఇప్పుడే అమ్మనూ వద్దు. మొదట రెండు, రెండున్నర వేల రూపాయలు పరీక్షలకే ఖర్చు పెట్టండి. ఆ తరువాత నీళ్ల మార్గం మొత్తం బాగు చేయించండి. మీరు చెప్పిన లక్షణాల్లో ఒక్కటి మాత్రం ఆలస్యానికి ఆగనిది ఉంది. అది మీరు భయపడుతున్న పొగా కాదు, ఆయిలూ కాదు, తెల్లవారి వినిపించే ఆ గలగల. దాని సంగతి కిందికి వచ్చాక వివరిస్తాను.

మీ కారులో ఉన్నది ఫియట్ రూపొందించిన 1248 సీసీల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. మారుతి, టాటా, ఫియట్ కార్లలో ఏళ్ల తరబడి ఇదే ఇంజిన్ నడిచింది. మారుతి సంస్థ 2020 ఏప్రిల్‌లో డీజిల్ కార్లు ఆపేసినా, ఈ ఇంజిన్‌తో రోడ్డు మీద ఉన్న బండ్లు చాలా ఉన్నాయి కాబట్టి విడిభాగాలకు గానీ, పని తెలిసిన చేతులకు గానీ కొరత లేదు. 2,38,000 కిలోమీటర్లు తక్కువేమీ కాదు. అయితే అందులో ఎక్కువ భాగం కడప, రాయచోటి, చిత్తూరు హైవే మీద తిరిగినవైతే, ఊళ్లో సందుల్లో తిరిగిన లక్ష కిలోమీటర్ల బండి కన్నా మీ ఇంజిన్ లోపల అరుగుదల తక్కువ ఉన్నా ఆశ్చర్యపడను. ఆయిల్ సమయానికి మార్చి ఉంటే ఈ అంకె చూసి ఇంజిన్ పని అయిపోయిందని అనుకోనక్కరలేదు.

ఇక వేడి సంగతి. మీ కారు బాధల్లో అసలైనది ఇదే. మైదానంలో బాగుండి, ఘాట్‌లో ఏసీతో మాత్రమే సూది లేస్తోందంటే, ఇంజిన్ తక్కువ వేగంలో ఎక్కువ బరువు లాగేటప్పుడు పుట్టే వేడిని రేడియేటర్ బయటికి పంపలేకపోతోందని అర్థం. హెడ్ గ్యాస్కెట్ పూర్తిగా పోయిన కారు సాధారణంగా ఇలా చోటు చూసుకుని వేడెక్కదు. అది చదును రోడ్డు మీద కూడా ఇబ్బంది పెడుతుంది, నీళ్లు త్వరగా తాగేస్తుంది. అందుకే గ్యాస్కెట్ కన్నా ముందు నా అనుమానం మీరు మామూలు విషయంలాగా ఒక్క వాక్యంలో రాసిన బోరు నీళ్ల మీదికి పోతోంది.

మన జిల్లా నాపరాయి దేశమంతా పేరు పొందింది. ఆ నాపరాయి సున్నపురాయే. ఆ రాతి పొరల గుండా వచ్చే నీళ్లలో సున్నం కరిగి ఉంటుంది. మీ ఇంట్లో బకెట్లో పెట్టి నీళ్లు కాచే హీటర్ కడ్డీని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఏడాది తిరగకముందే దాని చుట్టూ తెల్లగా, గరుకుగా, గోటితో గీకితే పెచ్చులుగా ఊడే పొర పట్టి ఉంటుంది. ఆ పొర పట్టిన కడ్డీలోని వేడి నీళ్లకు సరిగా అందక కడ్డీయే ఎక్కువ కాలి త్వరగా పోతుంది. మీరు డబ్బాలో బోరు నీళ్లు పోసిన ప్రతిసారీ అదే పొర రేడియేటర్‌లోని సన్నని గొట్టాల లోపల, ఇంజిన్ బ్లాకు చుట్టూ నీళ్లు తిరిగే సందుల్లో పేరుకుంటోంది. వేడి ఆ పొర దాటి రావడం కష్టం, సన్నబడిన గొట్టంలో నీళ్లు పారడమూ కష్టం. పైగా బోరు నీళ్లు పోసిన కొద్దీ కూలెంట్ పలచబడి, తుప్పు పట్టకుండా కాపాడే గుణం దానికి పోతుంది. మీ ఇంజిన్‌కు బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. ఈ రెండు లోహాల మధ్య మంచి కూలెంట్ లేకుండా ఉట్టి నీళ్లు తిరిగితే అల్యూమినియం తినుకుపోతుంది.

బయటి వైపు కూడా చూడాలి. ఏసీ కండెన్సర్ ముందుంటుంది, దాని వెనక రేడియేటర్. ఆ రెండింటి మధ్య వేలెడు సందు. ఒకసారి నా దగ్గరికి ఇదే బాధతో వచ్చిన కారుకు ముందు బంపర్ విప్పి, కండెన్సర్‌ను పక్కకు జరిపి చూస్తే, ఆ సందులో పురుగుల రెక్కలు, వరిపొట్టు, దుమ్ము, ఆయిల్ తేమ అన్నీ కలిసి పాత పరుపులోని దూదిలాగా ఒక చాప కట్టి ఉంది. వేలితో పట్టుకుని లాగితే ముక్కలుగా కాకుండా పొరగా ఊడి వచ్చింది. ముందు నుంచి టార్చి వేసి చూస్తే రేడియేటర్ శుభ్రంగా కనిపించేది. ఎందుకంటే కనిపించేది కండెన్సర్ ముఖం మాత్రమే. ఆ బండికి ఆ రోజు చేసిన వైద్యం అంతా లోపలి వైపు నుంచి బయటికి నీళ్లు నెమ్మదిగా కొట్టి కడగడమే. వాటర్ సర్వీసు పంపు నాజిల్‌ను దగ్గరగా పెట్టి కొట్టనివ్వకండి, పలచని రేకులు వంగి ఉన్న గాలి దారి కూడా మూసుకుపోతుంది.

థర్మోస్టాట్ తీసేయడం మన వైపు షెడ్లలో పాత అలవాటు. వేడెక్కుతోందంటే వాల్వు పీకేయడం ఇరవై నిమిషాల పని, కొన్నాళ్లు సూది కిందే ఉంటుంది, యజమాని సంతోషిస్తాడు. కానీ దాదాపు 88 డిగ్రీల దగ్గర తెరుచుకునేలా ఆ వాల్వు పెట్టడానికి కారణం ఉంది. ఇంజిన్ ఆ వేడికి చేరితేనే ఆయిల్ సరైన పలచదనానికి వస్తుంది, డీజిల్ పూర్తిగా మండుతుంది. వాల్వు లేని ఇంజిన్ మైదానంలో గంటల తరబడి చల్లగా నడిచి డీజిల్ ఎక్కువ తాగుతుంది, మసి ఎక్కువ చేస్తుంది, సిలిండర్ గోడలు త్వరగా అరుగుతాయి. మీ మైలేజీ పదహారుకు పడిపోవడంలో దీని వాటా తప్పక ఉంది. కొన్ని ఇంజిన్లలో వాల్వు తీసేస్తే వేడినీళ్లు రేడియేటర్‌కు పోకుండా పక్కదారిన తిరిగి ఇంజిన్‌లోకే వచ్చేస్తాయి కూడా. కాబట్టి మంచి థర్మోస్టాట్ తిరిగి పెట్టించడం ఈ పనిలో భాగమని ముందుగానే చెప్పండి.

చేయించాల్సిన క్రమం ఇది. పాత నీళ్లన్నీ వదిలి, రేడియేటర్ కడిగే ద్రవం పోసి నడిపించి, మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, చివరికి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయాలి. లోపల గాలి బుడగ నిలవకుండా గాలి తీయించాలి. డబ్బా మూత కొత్తది వేయించండి. రెండు మూడు వందల రూపాయల మూత అని తేలిగ్గా తీసుకోవద్దు. మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్లు, మూత ఒక బార్ అదనపు ఒత్తిడి నిలిపితే 120 డిగ్రీల దాకా మరగవు. మూతలోని స్ప్రింగు నీరసించిందంటే ఘాట్‌లో మీ నీళ్లు ఇరవై డిగ్రీల ముందే మరిగిపోతున్నట్టు. ఫ్యాను రెండు వేగాల్లోనూ తిరుగుతోందా అని కూడా చూడమనండి. ఇదంతా థర్మోస్టాట్, కూలెంట్, మూత, కూలీ కలిపి ఐదారు వేలలో అయిపోవాలి. కడిగిన తరువాత కూడా రేడియేటర్ ముఖం మీద చేయి పెడితే ఒకచోట వేడిగా, ఒకచోట చల్లగా తగులుతుంటే లోపల గొట్టాలు పూడిపోయినట్టే. అప్పుడు కొత్త రేడియేటర్‌కు మరో ఆరు నుంచి ఎనిమిది వేలు. వాటర్ పంపు కారుతుంటే బిగింపుతో కలిపి మూడు నుంచి ఐదు వేలు. ఈ అంకెలు మన ఊళ్ల షెడ్ల లెక్కలో నా అంచనాలు. కంపెనీ వర్క్‌షాపులో ఎక్కువే పడుతుంది.

రెండు మాటలు ఇక్కడే చెప్పాలి. నీళ్లు కారుతుంటే పసుపు వేయడం, లీకు ఆపే పొడి వేయడం చేయకండి. కారే రంధ్రాన్ని మూసే పదార్థం కారని గొట్టాన్ని కూడా మూస్తుంది. తరువాత, వదిలేసిన పాత కూలెంట్‌ను షెడ్డు ముందు గుంటలో పారబోయనివ్వకండి. అది రుచికి తియ్యగా ఉంటుంది, కుక్కలు, దూడలు తాగుతాయి. అది విషం.

ఇవన్నీ చేయించే రోజునే గ్యాస్కెట్ అనుమానం కూడా తీర్చుకోవచ్చు. నీళ్ల డబ్బా మూతి దగ్గర నీలిరంగు ద్రవం ఉన్న గొట్టం పెట్టి, ఇంజిన్ నడుపుతూ పైకి వచ్చే గాలిని అందులోకి పీలుస్తారు. సిలిండర్లలోని పొగ నీళ్లలోకి వస్తుంటే ఆ నీలిరంగు ఆకుపచ్చగానో పసుపుపచ్చగానో మారుతుంది. ఈ పరీక్షకు కొన్ని వందల రూపాయలు అవుతుంది. పరికరం లేకపోయినా మీరే చూడగల గుర్తులు ఉన్నాయి. చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే రేడియేటర్ పై పైపు చేతికి రాయిలా గట్టిగా తగలడం, డబ్బాలో బుడగలు ఆగకుండా రావడం, ఆయిల్ మూత కింద పాలు కలిపిన కాఫీ రంగు జిగురు కనిపించడం. ఇవేవీ లేకపోతే హెడ్ దింపనివ్వకండి. నిజంగానే గ్యాస్కెట్ పోయి ఉంటే 25 వేలు అన్యాయమైన లెక్క కాదు, కాకపోతే అందులో హెడ్‌ను లేత్‌లో చదును చేయించడం, పగుళ్లు ఉన్నాయేమో పరీక్షించడం కలిసి ఉండాలని ముందే మాట్లాడుకోండి. వంకర పోయిన హెడ్ మీద కొత్త గ్యాస్కెట్ వేస్తే మళ్లీ అదే చోట పోతుంది.

నల్లపొగ, పికప్ లేకపోవడం ఈ రెండూ కలిసి వస్తే డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదని అర్థం. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు పోయాయని వెంటనే చెప్పేవారు ఉంటారు, వాటికే ఖర్చు ఎక్కువ కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టకండి. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. మీరు ఎరువుల సంచుల మధ్య, మట్టి రోడ్ల మీద తిరిగేవారు కాబట్టి పుస్తకంలో రాసినదానికన్నా సగం కిలోమీటర్లకే అది నిండిపోతుంది. తరువాత టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) నుంచి ఇంజిన్‌కు పోయే రబ్బరు పైపులు. పదేళ్లు దాటిన కార్లలో ఈ పైపు క్లిప్పు దగ్గర సన్నగా చిట్లుతుంది. నిలబెట్టి చూస్తే కనిపించదు. లోడు మీద మాత్రమే నోరు తెరుచుకుని గాలి బయటికి పోతుంది. చేత్తో వంచి చూస్తే లోపలి నుంచి ఆయిల్ తడి బయటికి ఊరిన చోటే చిట్లిన చోటు. దాని ఖరీదు బిగింపుతో రెండు వేలు, మూడు వేలు. ఆ తరువాత మసి పట్టిన ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) శుభ్రం చేయించడం, దానికి పదిహేను వందలు, రెండు వేలు.

ఇవి చూశాకే ఇంజెక్టర్లు. వాటిని కూడా కొలిచి చూడవచ్చు. నాలుగింటి రిటర్న్ గొట్టాలకు నాలుగు చిన్న సీసాలు తగిలించి కాసేపు నడిపిస్తే, ఏది ఎక్కువ డీజిల్ వెనక్కి వదులుతోందో సీసా చూసి చెప్పేయవచ్చు. ఒకటి చెడితే నాలుగూ మార్చాలనే మాటకు ఈ సీసాలే జవాబు. రిపేరుకు ఒక్కోదానికి నాలుగు నుంచి ఆరు వేలు, కొత్తదైతే పది వేల పైమాటే.

ఇప్పుడు ఆ గలగల. మీ ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు లేదు, గొలుసు ఉంది. గొలుసు కాబట్టి ఇంజిన్ ఉన్నంత కాలం ఉంటుందని చాలామంది నమ్ముతారు. నిజానికి ప్రతి లింకూ రవ్వంత అరిగి గొలుసు మొత్తం సాగుతుంది. దాన్ని బిగువుగా పట్టుకునే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. రాత్రంతా నిలబడిన కారులో ఆ ఆయిల్ కిందికి దిగిపోయి, స్టార్ట్ చేసిన రెండు మూడు సెకన్ల వరకు ఒత్తిడి రాదు. సాగిన గొలుసు ఆ లోపు లోపలి గోడకు కొట్టుకుంటుంది. మీకు వినిపిస్తున్నది అదే అయి ఉండాలి. ఈ గొలుసు పళ్లు తప్పి జారితే పైన వాల్వులు తెరుచుకునే వేళ, కింద పిస్టన్ పైకి వచ్చే వేళ కలవక రెండూ గుద్దుకుంటాయి. అది ఘాట్ మీద, నాన్నగారు వెనక సీట్లో ఉండగా జరిగితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోగలరు. అప్పుడు మీకు 85 వేలు చెప్పినవారి మాట నిజమవుతుంది.

కాబట్టి మిగతావన్నీ వాయిదా వేసినా దీన్ని వాయిదా వేయవద్దు. గొలుసు, టెన్షనర్, గైడ్లు, పళ్లచక్రాలు అన్నీ ఒకే కిట్టుగా మార్చాలి. గొలుసు ఒక్కటే మార్చి పాత పళ్ల మీద వేస్తే కొత్త గొలుసు త్వరగా పాడవుతుంది. కూలీతో కలిపి పన్నెండు నుంచి పదహారు వేలు అనుకోండి. ఈ పని చేయాలంటే వాల్వులను తెరిచే క్యామ్‌లను, పిస్టన్లు తిప్పే క్రాంక్‌ను సరైన చోట నిలిపి పట్టే లాకింగ్ పనిముట్లు ఉండాలి. అవి ఉన్నాయా అని అడగండి. పెయింటుతో గుర్తు పెట్టుకుని చేస్తామంటే ఆ షెడ్డు వద్దు.

ఆయిల్ తగ్గడం చూసి మీరు ఎక్కువ బెంగ పెట్టుకున్నారని ఉత్తరం చూస్తే తెలుస్తోంది. కాగితం మీద లెక్క వేయండి. రెండు వేల కిలోమీటర్లకు అర లీటరు అంటే, ఏడాదికి పది వేలు తిరిగితే రెండున్నర లీటర్లు. లీటరు ఐదు వందల లోపు వేసుకున్నా ఏడాదికి పన్నెండు వందల రూపాయలు. దీన్ని ఆపడానికి 85 వేలు పెడితే ఆ డబ్బు తిరిగి రావడానికి ఒక మనిషి జీవితకాలం పడుతుంది. ఈ వయసు ఇంజిన్ ఆ మాత్రం ఆయిల్ తినడం వింత కాదు. అది రింగుల వల్లే కావాలని కూడా లేదు. వాల్వు సీళ్లు గట్టిపడినా, టర్బో షాఫ్టు సీలు కారినా తగ్గుతుంది. భయపడాల్సింది ఆయిల్ తినడం గురించి కాదు, తిన్న సంగతి మీరు గమనించకపోవడం గురించి. టర్బో షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, దానికి ఆయిల్ తప్ప వేరే ఆధారం లేదు. గొలుసు టెన్షనర్‌కూ ఆయిలే ఆధారం. ప్రతి ఆదివారం ఉదయం, కారు కదలకముందు, చదును నేల మీద డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి చూడండి. కింది గీతకు చేరనివ్వకండి. పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిలే పోయండి, మార్చే గడువు పది వేల కిలోమీటర్ల నుంచి ఏడున్నర వేలకు తగ్గించండి.

బోరు అవసరమా కాదా అన్నది కంప్రెషన్ పరీక్ష తేలుస్తుంది. గ్లో ప్లగ్గులు తీసి ఒక్కొక్క సిలిండర్‌కు మీటరు పెట్టి చూస్తారు, వెయ్యి నుంచి పదిహేను వందలు తీసుకుంటారు. నాలుగు అంకెలనూ కాగితం మీద రాయించుకోండి. నాలుగూ దగ్గర దగ్గరగా, పది శాతం తేడాలోపు ఉంటే ఇంజిన్ అరిగినా సమంగా అరిగింది, నడుస్తుంది. ఒకటి మాత్రం బాగా తక్కువ ఉంటే ఆ సిలిండర్‌లో రింగులో, వాల్వులో లోపం ఉంది. నాలుగూ తక్కువ ఉంటే, దానితోపాటు ఐడిల్‌లో ఆయిల్ మూత వదులు చేసినప్పుడు పొగ బుసకొడుతూ మూత ఎగురుతుంటే, ఎగ్జాస్ట్ నుంచి నీలిపొగ వస్తుంటే, అప్పుడే బోరు మాట. మీరు నల్లపొగ అని రాశారు, నీలిపొగ అని రాయలేదు. నాకు ఆశ కలిగించిన మాట అదే.

ఒకవేళ నాలుగూ తక్కువని తేలితే? అప్పుడు కూడా నేను బోరు చేయించమని చెప్పను. లక్షా అరవై వేల కారు మీద 85 వేలు పెడితే దాని ధర రెండున్నర లక్షలు కాదు. కొనేవారు మోడల్ సంవత్సరాన్ని, మీటరును చూస్తారు తప్ప మీ బిల్లును చూడరు. పైగా ఇంజిన్ విప్పాక 85 వేలు 85 వేల దగ్గర ఆగడం నేను అరుదుగా చూశాను. క్లచ్ ఎలాగూ దింపాము కదా మార్చేద్దాం, టర్బో కూడా చూసేద్దాం అంటూ లక్ష దాటుతుంది. ఆ స్థితిలో ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మేయడమే మేలు. పాత ఇంజిన్ తెచ్చి వేస్తామనే మాట కూడా వస్తుంది. అలా చేస్తే కొత్త ఇంజిన్ నంబరు ఆర్‌సీలో మార్పించుకోవాలని, ఆ ఇంజిన్ ఎక్కడి నుంచి వచ్చిందో కాగితాలు ఉండాలని మరిచిపోకండి.

అయితే మీ విషయంలో అంతదాకా వస్తుందని నేను అనుకోవడం లేదు. పరీక్షలు, నీళ్ల పని, గాలి పైపులు, ఫిల్టర్, ఈజీఆర్, గొలుసు అన్నీ కలిపి 30 వేల లోపు అవుతుంది. రేడియేటర్ కొత్తది పడి, ఒకటి రెండు ఇంజెక్టర్లు రిపేరుకు పోయినా సుమారు 45 వేలు. కొత్త కారుకు ఏడు లక్షల అప్పు ఐదేళ్లకు తొమ్మిదిన్నర శాతం వడ్డీతో తీసుకుంటే నెలకు సుమారు 14,700 రూపాయల వాయిదా పడుతుంది. అంటే ఈ మరమ్మతు మొత్తం మూడు వాయిదాల డబ్బు. కంప్రెషన్ బాగుంటే ఈ 45 వేలు పెట్టి రెండు మూడేళ్లు వేలూరు తిరగడం నాకు సబబుగా తోస్తోంది.

కాగితాల గడువు మాత్రం చూసుకోండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే చెల్లుతుంది కాబట్టి మీది 2027 మార్చిలో ముగుస్తుంది. ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే మరో ఐదేళ్లకు పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి కార్లకు ఆ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. నల్లపొగతో ఆ పరీక్షకు పోలేరు, అదొక కారణం ఈ పనులు ముందే చేయించడానికి. పదేళ్లు దాటిన డీజిల్ కార్లు తిరగకూడదనే మాట విని భయపడేవారు మన వైపు చాలామంది ఉన్నారు. అది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించిన ఆంక్ష. కడప జిల్లాలో కారు నడుపుకోవడానికి దానితో సంబంధం లేదు.

వేలూరు ప్రయాణం ఈలోపే వస్తే, ఈ పనుల్లో కనీసం నీళ్ల పని, గొలుసు పని అయ్యేదాకా నాన్నగారిని వేరే బండిలో తీసుకుపోండి. పనులయ్యాక మొదటిసారి ఘాట్ ఎక్కే రోజు ఒంటరిగా ఎక్కి చూడండి, ఏసీ వేసే ఎక్కండి. సూది మధ్య గీత దాటి కదులుతోందనిపిస్తే ఏసీ ఆపి, హీటరును పూర్తి వేడి మీద పెట్టి, ఫ్యాను గట్టిగా వదలండి. లోపల ఉక్కపోసినా ఇంజిన్ వేడి కొంత అటు పోతుంది. ఇంకా పైకి పోతే వెడల్పుగా ఉన్న చోట పక్కకు ఆపి బానెట్ ఎత్తండి. డబ్బా మూత మాత్రం ముట్టుకోకండి. ఒత్తిడిలో ఉన్న ఆ నీళ్లు మూత తిప్పిన క్షణంలోనే ఆవిరై ముఖాన కొడతాయి. ముప్పావు గంట ఆగి, పై పైపు చేత్తో నొక్కితే మెత్తగా ఉన్నప్పుడే మూత తీయాలి. డిక్కీలో రెండు లీటర్ల కలిపిన కూలెంట్, ఒక కొత్త డ్రైవ్ బెల్టు పెట్టుకోండి. మీ ఇంజిన్‌లో ఆల్టర్నేటర్‌నూ వాటర్ పంపునూ తిప్పేది ఆ ఒక్క బెల్టే. వెయ్యి రూపాయల ఆ బెల్టు తెగితే బ్యాటరీ చార్జింగ్, నీళ్ల ప్రసరణ రెండూ ఒకేసారి ఆగిపోతాయి. ఇప్పుడున్న బెల్టు వెనక్కి తిప్పి చూసి పగుళ్లు కనిపిస్తే గొలుసు పనిలోనే మార్పించండి. కంప్రెషన్ అంకెలు నాలుగూ వచ్చాక నాకు రాయండి, వాటిని చూసి ఇంజెక్టర్ల సంగతి చెబుతాను.